బంగారు టిఫిన్ బాక్స్ పోయాకే ఆ మ్యూజియం గుర్తొచ్చింది.. వెబ్‌సైట్ మారిస్తే చిన్న మ్యూజియంలకు యూత్ వస్తారా?

2018 సెప్టెంబర్.. హైదరాబాద్ పాతబస్తీలోని పురానీ హవేలీ. రాత్రికి రాత్రి నిజాం మ్యూజియంలో దొంగలు పడ్డారు. వజ్రాలు, కెంపులు, పచ్చలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్స్ మాయం. దాంతో పాటు బంగారు కప్పు, సాసర్, స్పూన్ కూడా పోయాయి. దాదాపు వారంలోనే పోలీసులు ఇద్దరిని పట్టుకున్నారు, సొత్తు కూడా దొరికింది. దొంగల్లో ఒకడు రోజూ ఆ బాక్స్‌లోనే భోజనం చేశాడని పోలీసులు చెప్పడంతో ఈ వార్త దేశమంతా చక్కర్లు కొట్టింది.

ఆ మ్యూజియం మొదలైంది 2000లో. అంటే చోరీ జరిగే నాటికి 18 ఏళ్లుగా నిజాం కానుకలు అక్కడే ఉన్నాయి. కానీ ఊళ్లో ఉన్న కుర్రకారులో చాలామందికి అలాంటి మ్యూజియం ఒకటుందన్న సంగతి టీవీలో బ్రేకింగ్ న్యూస్ పడ్డాకే తెలిసింది. సీసీ కెమెరా ఫుటేజీ చూశారు, టిఫిన్ బాక్స్ ఫొటోలు షేర్ చేశారు, జోకులు వేసుకున్నారు. అంటే పాత వస్తువులంటే యూత్‌కి ఆసక్తి లేదనే మాటలో నిజం లేదు. వాటి గురించి నోరూరేలా చెప్పేవాళ్లు లేరు, అంతే.

మరి ఆ పని దొంగలు చేసే దాకా ఎందుకు ఆగాలి? మ్యూజియం సొంత వెబ్‌సైటే ఎందుకు చేయకూడదు? ఏటా మే 18న అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం వచ్చినప్పుడల్లా ఈ చర్చ వస్తూనే ఉంది. 'వెబ్‌సైట్‌ను కొత్తగా డిజైన్ చేస్తాం, యువతను ఆకర్షిస్తాం' అనే ప్రకటనలూ వినిపిస్తూనే ఉంటాయి. అయితే కొత్త డిజైన్ అంటే రంగులు మార్చడమేనా? అసలు ఎక్కడ తేడా కొడుతోంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

శనివారం రాత్రి గ్రూప్‌లో వచ్చే ప్రశ్న

శనివారం రాత్రి, కాలేజీ ఫ్రెండ్స్ వాట్సాప్ గ్రూప్. 'రేపు ఎక్కడికెళ్దాం రా?' అని ఒకరు అడిగారు. 'ఏదో మ్యూజియం ఉందట కదా' అని ఇంకొకరు అన్నారు. వెంటనే ఎవరో ఒకరు ఫోన్ తీసి వెతుకుతారు. ఆ క్షణంలో వాళ్లకు కావాల్సింది చరిత్ర కాదు. రేపు తెరిచి ఉంటుందా? టికెట్ ఎంత? బైక్ పార్కింగ్ ఉందా? ఫొటోలు తీసుకోనిస్తారా? చూడటానికి ఎంతసేపు పడుతుంది? ఈ ఐదింటికి జవాబు దొరికితే ప్లాన్ ఓకే. లేదంటే సినిమాకో, మాల్‌కో వెళ్లిపోతారు.

చాలా చిన్న మ్యూజియంల సైట్లు మాత్రం వేరే లోకంలో ఉంటాయి. పైన 'స్వాగతం' అంటూ పరిగెత్తే అక్షరాలు. కింద పెద్దల ఫొటోలు, వాళ్ల సందేశాలు. తర్వాత సంస్థ ఆశయాలు, టెండర్ నోటీసులు. టైమింగ్స్ ఎక్కడున్నాయని వెతికితే ఏదో మూల ఒక పీడీఎఫ్. దాన్ని డౌన్‌లోడ్ చేసి, రెండు వేళ్లతో పెద్దది చేసి చదువుకోవాలి. అంత ఓపిక ఎవరికుంది?

'తెరిచి ఉంటుందా' అనేది చిన్న ప్రశ్న ఏమీ కాదు. సాలార్‌జంగ్ మ్యూజియం, నిజాం మ్యూజియం, నాగార్జునకొండ, అమరావతి లాంటి చోట్ల ఉన్న పురావస్తు శాఖ మ్యూజియంలకు శుక్రవారం సెలవు. ఢిల్లీలోని నేషనల్ మ్యూజియంకి సోమవారం సెలవు. ఒక్కోచోట ఒక్కో లెక్క. పిల్లల్ని వెంటేసుకుని బస్సెక్కి వెళ్లిన కుటుంబానికి గేటుకు తాళం కనిపిస్తే, వాళ్లు మళ్లీ ఆ వైపు రారు. ఇంకో పది మందికి 'వెళ్లకండి' అని కూడా చెబుతారు.

అందుకే కొత్త డిజైన్‌లో మొదటి స్క్రీన్ మీద కనిపించాల్సింది ఒక్కటే లైను.. 'ఈరోజు తెరిచి ఉంది, సాయంత్రం ఇన్ని గంటల వరకు'. పక్కనే టికెట్ ధర, మ్యాప్ బటన్, ఫోన్ నంబర్ బటన్. పెద్దల సందేశాలు చదవాలనుకునేవాళ్ల కోసం వాటిని వేరే పేజీలో పెట్టుకోవచ్చు.

నాగార్జునకొండ చెప్పే పాఠం

దీనికి నాగార్జునకొండ కంటే మంచి ఉదాహరణ దొరకదు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ అది. నాగార్జునసాగర్ డ్యామ్ కడితే మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖ అక్కడ భారీ ఎత్తున తవ్వకాలు జరిపింది. దొరికిన శిల్పాలను, కొన్ని కట్టడాలను కొండ మీదకు చేర్చారు. చుట్టూ నీళ్లు రావడంతో ఆ కొండే దీవిగా మారింది. 1966లో అక్కడ మ్యూజియం ఏర్పాటైంది. మునిగిపోయిన ఊరు, దీవి మీద మ్యూజియం, లాంచీలో ప్రయాణం.. యూత్‌ని రప్పించడానికి ఇంతకంటే ఏం కావాలి?

కానీ అక్కడికి వెళ్లాలనుకునేవాళ్ల మొదటి ప్రశ్న శిల్పాల గురించి ఉండదు. 'ఈరోజు లాంచీ ఉందా?' అనే ఉంటుంది. గాలి ఎక్కువైనా, నీటిమట్టం తేడా వచ్చినా, అధికారులు ఆపమన్నా లాంచీ కదలదు. 2019 సెప్టెంబర్‌లో గోదావరిలో కచ్చులూరు ప్రమాదం జరిగాక ఆంధ్రప్రదేశ్‌లో టూరిజం బోట్లకు బ్రేక్ పడింది. అలాంటి సమయంలో ఎప్పుడో రాసిన ట్రావెల్ బ్లాగ్ చూసి వందల కిలోమీటర్లు బండి నడుపుకుంటూ వెళ్లినవాళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు.

పైగా ఇక్కడ మ్యూజియం ఒకరిది, లాంచీ మరొకరిది. మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉంటే, లాంచీలు టూరిజం సంస్థలవి. ఎవరి పేజీ వాళ్లదే. వెళ్లేవాడికి మాత్రం ఆ రెండూ కలిపి ఒకే ప్రయాణం. మంచి సైట్ అంటే శాఖల లెక్కన కాకుండా, వచ్చేవాడి దారి లెక్కన అల్లినది. బస్సు దిగిన చోటి నుంచి లాంచీ ఎక్కే రేవు దాకా, చివరి లాంచీ తిరిగొచ్చే టైమ్ దాకా అంతా ఒకే చోట ఉండాలి. దీనికి గొప్ప టెక్నాలజీ అక్కర్లేదు. పొద్దున్నే రెండు ఆఫీసుల మధ్య ఒక ఫోన్ కాల్, సైట్‌లో ఒక లైను మార్పు.. అంతే.

ఒక వస్తువు.. ఒక కథ.. ఒక పేజీ

టైమింగ్స్ దొరికాయి సరే. అసలు వెళ్లాలని ఎందుకు అనిపించాలి? ఇక్కడే చాలా సైట్లు 'గ్యాలరీ' అని ఒక పేజీ పెట్టి వదిలేస్తాయి. వరుసగా 40 ఫొటోలు. కింద పేరు ఉండదు, ఉన్నా 'రాతి విగ్రహం, మధ్యయుగం' అని ఉంటుంది. ఏ ఊళ్లో దొరికింది? ఎవరు చెక్కించారు? ముక్కు ఎందుకు విరిగింది? ఏ ప్రశ్నకూ జవాబుండదు.

విజయవాడ ఎంజీ రోడ్డులోని బాపు మ్యూజియం సంగతే తీసుకుంటే.. పాత పేరు విక్టోరియా జూబ్లీ మ్యూజియం. 1887లో పునాది పడిన భవనం. 1921లో బెజవాడలో ఏఐసీసీ సమావేశాలు జరిగినప్పుడు, పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీజీకి అందజేసిన ఘట్టంతో ఈ భవనానికి అనుబంధం ఉంది. ఆధునికీకరణ తర్వాత 2020 అక్టోబర్‌లో దీన్ని మళ్లీ తెరిచారు. ఏటా ఆగస్టు రాగానే స్కూలు పిల్లలు వక్తృత్వ పోటీల కోసం, రీల్స్ చేసేవాళ్లు వీడియోల కోసం పింగళి వెంకయ్య గురించి వెతుకుతారు. ఆ వెతుకులాట ఒక పేజీ దగ్గర ఆగి, అక్కడ 'ఆ ఘట్టానికి వేదికైన భవనం విజయవాడలోనే ఉంది, ఇలా రావాలి' అని కనిపిస్తే.. చరిత్ర పాఠం కాస్తా ఆదివారం ప్రయాణంగా మారుతుంది.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. రెండు వేల ఏళ్లు దాటిన ఒక అమ్మాయి దేహం నాంపల్లికి ఎలా వచ్చింది? గాజు పెట్టెలో పాడవకుండా ఎలా కాపాడుతున్నారు? ఈ రెండు ప్రశ్నలు చాలు, ఏ కుర్రాడైనా ఆగి చదవడానికి. వెయ్యి వస్తువుల జాబితా కంటే, ఇలా పది వస్తువులకు పది మంచి పేజీలు ఉంటే ఎక్కువ పని జరుగుతుంది. ప్రతి పేజీలో ఒక పెద్ద ఫొటో, 200 మాటల కథ, ఒక నిమిషం వీడియో, 'ఇది ఏ గదిలో ఉంది' అనే గుర్తు. చిన్న మ్యూజియానికి అంతకు మించి అవసరం లేదు.

ఫొటోల విషయంలో ఇంకో చిక్కుంది. కెమెరాలో తీసిన 5 ఎంబీ ఫొటోను అలాగే సైట్‌లో ఎక్కిస్తే, 20 ఫొటోలకే 100 ఎంబీ అవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్‌తో నెట్టుకొచ్చే స్టూడెంట్‌కి అది పెద్ద లెక్కే. పేజీ తెరుచుకోవడానికి 3 సెకన్లు దాటితే మొబైల్ విజిట్లలో 53 శాతం మధ్యలోనే ఆగిపోతున్నాయని గూగుల్ 2016లోనే చెప్పింది. ఫొటో సైజు తగ్గించి పెట్టడం ఉచితంగా అయ్యే పని. అయినా చాలా చోట్ల ఎవరూ పట్టించుకోరు.

తెలుగు ఉంది.. కానీ సెర్చ్‌లో దొరకదు!

ఇంకో సమస్య బయటికి కనిపించదు కానీ చాలా పెద్దది. మ్యూజియంలలో తెలుగు సమాచారం లేక కాదు. బ్రోచర్లు, లేబుళ్లు, సావనీర్లు ఏళ్ల తరబడి తెలుగులో అచ్చయ్యాయి. అయితే వాటిలో చాలావరకు అను ఫాంట్లలో పేజ్‌మేకర్ మీద టైప్ చేసినవి. కాగితం మీద ముత్యాల్లా కనిపించే ఆ తెలుగు, వెబ్ పేజీలో పేస్ట్ చేస్తే అర్థం కాని గుర్తులుగా మారిపోతుంది. దాంతో ఆపరేటర్ ఏం చేస్తాడు? బ్రోచర్‌ని స్కాన్ చేసి ఫొటోగా పెట్టేస్తాడు. కంటికి తెలుగే కనిపిస్తుంది. సెర్చ్ ఇంజిన్‌కి మాత్రం అది ఒక బొమ్మ. ఎవరు ఎంత వెతికినా ఆ పేజీ పైకి రావడం కష్టం. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ కూడా దాన్ని చదవలేదు.

పరిష్కారం తెలియనిది కాదు. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ మార్చాక ఒత్తులు, వట్రసుడులు చెదురుతాయి. శాసనాల పేర్లు, రాజుల పేర్లు తప్పుపడతాయి. తెలుగు బాగా వచ్చిన మనిషి కూర్చుని ఒక్కో లైను సరిచూడాలి. కొత్త డిజైన్ టెండర్లలో 'హోమ్ పేజీ ఎలా మెరవాలి' అని పేజీలు పేజీలు రాస్తారు కానీ, ఈ ప్రూఫ్ చూసే పనికి ఒక్క లైను కూడా ఉండదు.

అలాగే, తెలుగు పిల్లల్లో చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టి వెతుకుతారు. ఇంకొందరు మైక్ నొక్కి అడుగుతారు. పేజీలో తెలుగు పేరుతో పాటు ఇంగ్లీష్ స్పెల్లింగ్ కూడా ఉంటే ఇద్దరికీ దొరుకుతుంది. ఇక ఈమధ్య ఏఐ చాట్‌బాట్‌ని అడిగి ప్లాన్ చేసుకునేవాళ్లు పెరుగుతున్నారు. మ్యూజియం తన మాట తాను సరిగ్గా రాసుకోకపోతే, ఆ బాట్ ఇంకెవరో రాసిన తప్పునే నిజమని చెబుతుంది.

ఇన్‌స్టా పేజీ ఉంటే చాలదా?

'ఈ రోజుల్లో వెబ్‌సైట్ ఎవరు చూస్తారండీ, ఇన్‌స్టాలో రీల్ పెడితే చాలు' అనేవాళ్లు ఉన్నారు. ఆ మాటలో సగం నిజం ఉంది. యూత్ కంట పడాలంటే రీల్స్, షార్ట్స్ ఉండాల్సిందే. మిగతా సగం ఏంటో 2020 జూన్ 29న తెలిసింది. ఆ రోజు కేంద్రం 59 యాప్‌లను నిషేధించింది. అందులో టిక్‌టాక్ ఒకటి. లక్షల ఫాలోవర్లు ఉన్న అకౌంట్లు దేశంలో ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. అద్దె ఇంట్లో ఎన్ని సోకులు చేసినా ఓనర్ పొమ్మంటే పోవాల్సిందే కదా. వెబ్‌సైట్ సొంత ఇల్లు.

రీల్ చూసి ఆసక్తి పుట్టినవాడు తర్వాత చేసే పని సెర్చ్. అక్కడ సరైన పేజీ దొరక్కపోతే ఆ ఆసక్తి అక్కడికక్కడే చల్లారిపోతుంది. అందుకే ఈ రెండిట్లో ఒకటి చాలనుకోవడం పొరపాటు. రీల్ పిలుపు లాంటిదైతే, వెబ్‌సైట్ దారి చూపించే బోర్డు.

ఒక పొట్టేలు ఫొటో చేసిన మ్యాజిక్

బ్రిటన్‌లోని రెడింగ్ యూనివర్సిటీకి ఒక చిన్న మ్యూజియం ఉంది. 1951లో మొదలైంది. పల్లె జీవితం, వ్యవసాయం దాని సబ్జెక్ట్. నాగళ్లు, బండ్లు, బుట్టలు, పాత ఫొటోలు.. యూత్‌ని లాగే సరుకేం కాదు. 2018 ఏప్రిల్‌లో వాళ్లు తమ పాత ఫొటోల నుంచి భారీ పొట్టేలు బొమ్మ ఒకటి తీసి, కుర్రాళ్ల యాసలో ఒక్క లైను రాసి ట్విట్టర్‌లో పెట్టారు. మన దగ్గరైతే ఒంగోలు గిత్త ఫొటో పెట్టి 'అబ్బో.. ఏం ఉంది రా బాబూ' అన్నట్టన్న మాట. అంతే, లక్షకు పైగా లైకులు. ఆ తర్వాతి ఏడాది ఎలాన్ మస్క్ ఆ పొట్టేలు బొమ్మను కొంతకాలం తన ప్రొఫైల్ ఫొటోగా కూడా పెట్టుకున్నారు.

దీన్ని చూసి 'మనమూ ఒక మీమ్ వేస్తే సరి' అనుకుంటే మాత్రం బోల్తా పడినట్టే. ఆ ఫొటో వాళ్లకు చటుక్కున దొరికింది ఎందుకు? పాత ఫొటోలను స్కాన్ చేసి, పేరు, వివరం రాసి ఎప్పుడో కంప్యూటర్‌లోకి ఎక్కించారు కాబట్టి. సరదాగా ఒక లైను రాయగలిగే ఉద్యోగి ఉన్నాడు కాబట్టి. ఆ లైను పెట్టడానికి పది సంతకాలు అక్కర్లేదు కాబట్టి. మన దగ్గర కేటలాగ్ పని కోసం సాంస్కృతిక శాఖ, సీ-డాక్ కలిసి 'జతన్' అనే సాఫ్ట్‌వేర్‌ను ఎప్పుడో సిద్ధం చేశాయి. 2014లో మ్యూజియంస్ ఆఫ్ ఇండియా పోర్టల్ కూడా మొదలైంది. సాలార్‌జంగ్ లాంటి పెద్ద సంస్థలకు అది ఉపయోగపడింది. ఆ పని జిల్లాల్లోని చిన్న మ్యూజియంల గదుల్లోకి రావడమే మిగిలింది.

అసలు డబ్బు ఎక్కడ పెట్టాలి?

ఇప్పుడు అసలు పాయింట్. చిన్న మ్యూజియానికి బడ్జెట్ తక్కువ. ఉన్న డబ్బంతా ఒకేసారి డిజైన్ కంపెనీకి ఇచ్చేస్తే ఏం జరుగుతుందో చాలామందికి తెలిసిందే. ప్రారంభోత్సవం రోజు బటన్ నొక్కుతారు, ఫొటోలు పేపర్లో వస్తాయి. ఆరు నెలలకు పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తెలియదు. టికెట్ ధర మారినా సైట్‌లో పాతదే. గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పేజీ తెరుచుకోదు. అలాంటి సైట్ ఉండటం కంటే లేకపోవడమే నయం. ఎందుకంటే అది అబద్ధం చెబుతుంది.

అందుకే డిజైన్‌కి పెట్టే ఖర్చు తగ్గించి, ఆ మిగిలిన డబ్బుతో ఒక మనిషిని పెట్టుకోవడం మేలు. పూర్తి ఉద్యోగే కానక్కర్లేదు. వారానికి రెండు రోజులు వచ్చే జర్నలిజం స్టూడెంట్ అయినా, చరిత్ర పీజీ చేస్తున్న అమ్మాయి అయినా చాలు. వారానికి ఒక వస్తువు కథ, ఒక చిన్న వీడియో, టైమింగ్స్ సరిచూడటం.. ఇదే డ్యూటీ. ఏడాది తిరిగేసరికి 50 కథలు తయారవుతాయి. గూగుల్ మ్యాప్స్‌లో మ్యూజియం వివరాలు సరిదిద్దుకోవడానికి పైసా ఖర్చు లేదు. అయినా ఆ పనికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి మీద నమ్మకం కావాలి.

ఇంట్లోనే చూసేస్తే మ్యూజియానికి ఎవరొస్తారు?

అన్నీ నెట్‌లో పెట్టేస్తే జనం రారేమో అనే భయం కొందరు అధికారుల్లో ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం 2012లోనే లక్షకు పైగా బొమ్మలను పెద్ద సైజులో ఉచితంగా నెట్‌లో పెట్టింది. 2013లో భవనం బాగు చేసి మళ్లీ తెరిస్తే జనం విరగబడ్డారు. అది పెద్ద మ్యూజియమే, పోలిక పూర్తిగా సరిపోదు. కానీ ఒకటి మాత్రం నిజం. ఫోన్‌లో చూసిన వస్తువును కళ్లారా చూడాలనే అనిపిస్తుంది. ట్రైలర్ చూశాం కదా అని సినిమా మానేసేవాళ్లు ఎంతమంది?

అసలు ప్రమాదం ఇంకో వైపు ఉంది. సైట్‌లో తళతళలాడే ఫొటోలు చూసి వచ్చినవాళ్లకు లోపల సగం లైట్లు వెలగకపోతే? తాగునీళ్లు లేకపోతే? 'ఫొటోలు తీసుకోవచ్చు' అని సైట్‌లో రాసి, గది గుమ్మంలో గార్డు గద్దిస్తే? ఆ కోపం నేరుగా రివ్యూల్లోకి ఎక్కుతుంది. వెబ్‌సైట్ ఇచ్చిన మాటను గేటు దగ్గరి మనిషి నిలబెట్టాలి. అందుకే డిజైన్ మీటింగ్‌లో కంపెనీ వాళ్లతో పాటు టికెట్ కౌంటర్ ఉద్యోగి, గార్డు కూడా కూర్చోవాలి. జనం రోజూ ఏం అడుగుతారో అందరికంటే బాగా తెలిసింది వాళ్లకే.

కొత్త సైట్ పాసైందా, ఫెయిలైందా? ఇలా తేల్చొచ్చు

లక్ష హిట్లు వచ్చాయని చెప్పుకోవడం సులువు. అందులో మ్యూజియం గుమ్మం తొక్కిందెవరో ఎవరికీ తెలియదు. దానికంటే ఈ పరీక్షలు పెట్టి చూడొచ్చు.

* మామూలు ఫోన్, మామూలు సిగ్నల్‌తో 'ఈరోజు తెరిచి ఉందా' అనే ప్రశ్నకు 10 సెకన్లలో జవాబు దొరుకుతోందా?
* తెలుగులో వస్తువు పేరు కొట్టి వెతికితే మ్యూజియం సొంత పేజీ వస్తోందా?
* స్కూల్ టీచర్‌కి కావాల్సినవి.. గ్రూప్ టికెట్, బస్సు పార్కింగ్, పిల్లలు టిఫిన్ తినే చోటు, టాయిలెట్లు.. ఒకే పేజీలో ఉన్నాయా?
* గత నెలలో సైట్‌లో కనీసం ఒక్కటైనా కొత్త కథ వచ్చిందా?
* టికెట్ కౌంటర్‌లో 'మా గురించి ఎక్కడ చూశారు?' అని అడిగి, చెప్పింది ఒక పుస్తకంలో రాస్తున్నారా?

ఇందులో ఏదీ కోట్ల ప్రాజెక్టు కాదు. చివరిదానికైతే ఒక పెన్ను, ఒక నోట్‌బుక్ చాలు. ఆ నోట్‌బుక్‌లో 'ఫోన్‌లో కథ చదివి వచ్చాం' అనే లైన్లు నెలనెలా పెరుగుతుంటే కొత్త సైట్ పని చేస్తున్నట్టే. పెరగకపోతే మళ్లీ రంగులు మార్చి లాభం లేదు.

పురానీ హవేలీ చోరీ జరిగిన వారం, ఒక టిఫిన్ బాక్స్ కథ చెబితే దేశమంతా వింటుందని తేలిపోయింది. కథలు ప్రతి చిన్న మ్యూజియంలోనూ ఉన్నాయి. ఈసారైనా దొంగల కంటే ముందు మ్యూజియం వాళ్లే ఆ కథ చెప్పాలి.